మొదటి డిజైన్ రాస్తున్న మేనకోడలికి

నెల్లిమర్ల

చిట్టితల్లీ,

కొత్త ప్రోగ్రాముకి డిజైన్ నిన్నే రాయమన్నారని మీ అమ్మ చెప్పిన దగ్గర్నుంచీ నాకు ఒకపక్క సంబరం, ఒకపక్క కంగారు. అర్ధరాత్రి దాకా కీబోర్డు మీదే ఉంటున్నావట, వేళకి ఏటైనా తింటున్నావా? కోడ్ ఎక్కడికీ పారిపోదు గానీ, ముందు కాగితం తీసుకుని రేపు ఇందులో ఏవేవి మారతాయో, పన్ను రేటో, బ్యాంకు నిబంధనో, తేదీ రాసే పద్ధతో, అవి రాసుకో.

నేను అమీర్‌పేటలో కోబాల్ భాష నేర్చుకుని 1998లో అమెరికా వెళ్లింది వైటూకే పనికే గదా, అంటే 2000 రాగానే తేదీలు తప్పకుండా పాత ప్రోగ్రాములు దిద్దడానికి, అప్పుడు మనవాళ్లు చాలామంది వెళ్లింది అందుకే. పంచ్‌కార్డుకి 80 గడులే ఉన్న కాలంలో సంవత్సరానికి రెండంకెలు చాలనుకున్న పెద్దవాళ్లని నేనేమీ అనను. 62లో పుట్టినాయనకి 99లో 37 ఏళ్లు, మరుసటి ఏడు 00 అనేసరికి మైనస్ 62! అదైనా సర్దుకోవచ్చు, ఆ తీసివేతని ప్రతి ప్రోగ్రాములోనూ ఎవరికి తోచినట్టు వాళ్లు రాసిపెట్టడమే మా ప్రాణాలు తీసింది. 50 లోపు అంకెలన్నీ 2000 తర్వాతివే అని ఒకడు దిద్దితే, పక్క ఫైల్లో ఇంకొకడు 30 దగ్గరే ఆగేవాడు. ఆ గందరగోళంలో ఎవరో మహానుభావుడు తేదీ లెక్కలన్నీ ఒక్కచోటే పెట్టి, తర్వాత వచ్చేవాళ్ల కోసం పైన నాలుగు ముక్కలు రాసి వెళ్లాడు. పేరైనా తెలీదు గానీ, అది నా కంటపడిన రోజు పెందరాళే ఇంటికి పోయి వండుకుని తిన్నాను.

డేవిడ్ పార్నాస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1972లోనే చెప్పాడమ్మా, పని జరిగే వరసని బట్టి ప్రోగ్రాముని విడగొట్టొద్దు, మారేలా ఉన్న ఒక్కో నిర్ణయాన్నీ ఒక్కో భాగంలో దాచెయ్యి, మిగతావాటికి దాని సంగతి తెలియక్కర్లేదు అని. నన్నడిగితే సగం డిజైన్ ఇదే.

మిగతా సగం వెనకొచ్చేవాళ్ల గురించి ఆలోచించడం, అది నీకు కొత్తగా నేర్పాలా? రామతీర్థం కొండెక్కుతూ మేమంతా కబుర్లలో పడి ముందుకెళ్లిపోతే, అమ్మమ్మ కోసం మలుపు మలుపుకీ ఆగేదానివి నువ్వే, అంత చిన్నపిల్లవి, కాళ్లు నొప్పెడుతున్నా చెప్పేదానివి కాదు. నీ తర్వాత ఆ కోడ్ చదివేవాళ్ల కోసం కూడా అలాగే ఆగు.

రాశాక ఆ కాగితం మీ మేనేజరు కంటే ముందు, మీ టీములో అందరికన్నా కొత్తగా చేరిన కుర్రాడికి చూపించు. అర్థంకాని చోట గీత పెట్టమను, విసుక్కోకు. ఆ గీతలున్న చోటల్లా తిరగరాసి, శివరాత్రికి వచ్చేటప్పుడు నాకూ పట్టుకురా.

మీ మావయ్య