కంది విత్తే ముందు అటక మీది పాత పొట్లాలు చూడండి

వానలు అందుకున్నాయంటే మార్కాపురం, గిద్దలూరు, కంభం పల్లెల్లో కందికి గొర్రు కట్టే అదను. విత్తనం సిద్ధం చేసుకునే ముందు అటక మీద, మందుల గూట్లో ఓసారి వెతకండి. ఎమిసాన్ అనో, అగ్రోసాన్ అనో రాసివున్న పాత పొట్లం దొరికితే అది పాదరసం ఉన్న విత్తనశుద్ధి మందు. ఎమిసాన్‌లోని మిథాక్సీ ఇథైల్ మెర్క్యురీ క్లోరైడ్‌ను కేంద్రం 2018 ఆగస్టులో నిషేధించింది. మిగిలిందే కదా అని వాడొద్దు. కుంటలో కడగొద్దు. కాల్చితే పాదరసం ఆవిరై మీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పొట్లం విప్పకుండా బిగుతు మూత డబ్బాలో పెట్టి, పిల్లలకూ పశువులకూ అందనిచోట ఉంచి, రైతు సేవా కేంద్రంలో చెప్పండి.

ఏ మందు పట్టించిన గింజైనా సరే, మిగిలితే కోళ్లకు వేయడం, కడిగి వండుకోవడం ప్రాణాంతకం కావచ్చు. ఇరాక్‌లో 1971-72లో పాదరసం పట్టించిన విత్తన గోధుమలు చాలాచోట్ల అదను దాటాక చేరాయి. రంగు కడిగితే విషం పోయిందనుకుని అక్కడి పల్లె జనం రొట్టెలు చేసుకుతిన్నారు. ఆస్పత్రుల్లోనే 459 మంది చనిపోయారు.

కందికి ఆ విషంతో పనే లేదు. కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పట్టిస్తే ఎండు తెగులు తగ్గుతుంది. విత్తబోయే ముందు ఎకరం విత్తనానికి 200 గ్రాముల రైజోబియం కలిపి నీడన ఆరబెట్టండి.

పాదరసం వానతోనూ దిగుతుంది. బొగ్గు మండించే చోట లేచి, నెలల తరబడి గాలిలో తిరిగి, ఎవరి పొలంలోనో పడుతుంది. దాన్ని ఆపడం మన చేతిలో లేదు. పడ్డాక మాత్రం అది ఎక్కువగా మట్టినీ, కుళ్లిన ఆకునూ అంటిపెట్టుకునే కదులుతుంది. నల్లమల అంచు చెలకల్లో గట్టి వాన పడితే ఎర్రగా పారే నీరు గిద్దలూరు వైపు సగిలేరుకు, కంభం వైపు గుండ్లకమ్మకూ చెరువుకూ చేరుతుంది. చెరువు అడుగున గాలి ఆడని బురదలో సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. చిన్న చేపను మింగిన కొరమీనులో అది మరింత పేరుకుంటుంది. కడుపులోని బిడ్డ మెదడుకు హాని చేసేది ఇదే. చేపలు మానక్కర్లేదు. గర్భిణులకు వేటాడే పెద్ద చేపల కన్నా చిన్న చేపలు మేలు.

అందుకే మట్టిని పొలం దాటనీయకండి. వాలుకు అడ్డంగా దున్నండి, అడ్డంగానే విత్తండి. కంది సాళ్ల మధ్య కొర్రో సజ్జో వేస్తే నేల త్వరగా కప్పుకుంటుంది. గట్ల మీద గడ్డిని చెక్కేయొద్దు. సేద్యపు కుంటలోకి నీరు దిగేచోట చిన్న గుంత తవ్వితే ఒండ్రు అక్కడే ఆగుతుంది. భూసార కార్డు బాగుంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు, అందులోని 12 అంశాల్లో పాదరసం లేదు. పాడైన ట్యూబ్‌లైట్లు పెంటదిబ్బలో వేయకండి, ఎరువు తోలినప్పుడు వాటిలోని పాదరసం మీ చేలోకే వస్తుంది.