షెడ్డుకు బండి ఇచ్చే ముందు

బండి ఉన్నాక రిపేరు తప్పదు. కారు అయినా, ఆటో అయినా, స్కూటర్ అయినా అంతే. బండి షెడ్డులో పడితే ఆ దెబ్బ ఇంట్లో పొయ్యి మీద పడుతుంది. అందుకే ఇది మగవాళ్ళ సంగతి అని వదిలేయకూడదు. మనమూ తెలుసుకోవాలి.

ఒక ఇంటి సంగతి చూద్దాం. ఆ ఇంటి అక్క సంఘంలో అప్పు తీసింది. ఆ డబ్బుతో ఆటో కొన్నారు. భర్త నడుపుతాడు. ఖర్చులు పోను రోజుకు 600 రూపాయలు మిగులుతాయి. ఒకరోజు క్లచ్ పాడైంది. ఆటోను షెడ్డులో ఇచ్చారు. ఆ తర్వాత పక్కింటి చెల్లెలు అడిగింది.

"ఏమైందక్కా, ఆటో వచ్చిందా?"

"నిన్న వచ్చింది చెల్లీ. 2,500 అవుతుంది, రెండు రోజుల్లో ఇస్తా అన్నాడు మెకానిక్. రెండు కాస్తా ఆరు రోజులైంది. పోయినప్పుడల్లా 'సామాను రాలేదు, రేపు రా' అనేవాడు. ఫోన్ చేస్తే ఎత్తడు."

"మరి 2,500కే చేశాడా?"

"ఎక్కడ! 4,800 అన్నాడు. ఇంకేవో కూడా మార్చాడట. మమ్మల్ని అడగనేలేదు. ఇదేంటి అంటే 'నీకేం తెలుసమ్మా, మీ ఆయన్ని పంపించు' అన్నాడు. డబ్బు ఇస్తేనే బండి అన్నాడు. ఇచ్చి తెచ్చుకున్నాం."

"తీసేసిన పాత సామాను చూపించాడా?"

"లేదు."

"బిల్లు?"

"అదీ లేదు. అంతా నోటిమాటే."

లెక్క వేద్దాం

చెప్పినదానికన్నా ఎక్కువ తీసుకున్నది: 4,800 - 2,500 = 2,300 రూపాయలు.
చెప్పిన గడువు దాటి ఆగిన రోజులు: 6 - 2 = 4.
ఆ రోజుల్లో పోయిన సంపాదన: 4 × 600 = 2,400 రూపాయలు.
మొత్తం: 2,300 + 2,400 = 4,700 రూపాయలు.

సంఘంలో కట్టాల్సిన కిస్తీ ఇలా షెడ్డు పాలైంది.

బండి విప్పాక మరో లోపం కనబడవచ్చు. అది అబద్ధం అనుకోనక్కరలేదు. కానీ ఆ పని చేసే ముందు బండి వాళ్ళను అడగాలి. ఇక్కడ అడిగింది లేదు, రాసింది లేదు. కాగితం లేకపోతే ఎవరి మాట నిజమో ఎవరు తేలుస్తారు?

బండి ఇచ్చేటప్పుడు

1. ఒక చీటీ రాయించుకోండి. పెద్ద సర్వీసు సెంటర్లలో దీన్ని జాబ్ కార్డు అంటారు. చిన్న షెడ్డులో అది ఉండకపోవచ్చు. అప్పుడు మనమే మన నోటు పుస్తకంలో రాసి మెకానిక్ చేత సంతకం పెట్టించాలి.

2. సంతకం పెట్టనంటే అవే మాటలు ఫోన్‌లో మెసేజ్ పంపండి. తేదీ, టైము అందులోనే ఉంటాయి.

3. "వేరే రిపేరు కనబడితే ముందు మాకు చెప్పండి. మేము సరే అన్నాకే చేయండి" అని చెప్పండి. చీటీలో కూడా రాయండి.

4. "పాత సామాను మాకు చూపించాలి" అని ముందే చెప్పండి.

బండి తీసుకునేటప్పుడు

1. బిల్లు అడగండి. సామాను ఖరీదు వేరుగా, పని కూలి వేరుగా రాయమనండి.

2. కొత్త సామాను వచ్చిన డబ్బా చూడండి. దాని మీద అచ్చువేసిన ధర కన్నా ఎక్కువ తీసుకోకూడదు.

3. డబ్బు ఇచ్చే ముందు బండి నడిపి చూడండి.

4. బిల్లు, చీటీ పారేయకండి. ఒక కవరులో దాచండి.

మంచి మెకానిక్ చీటీ అడిగితే కోపం తెచ్చుకోడు. ఆ చీటీ అతనికీ రక్షణే. ఒప్పుకున్న డబ్బు మనం ఎగ్గొట్టకుండా అది కాపాడుతుంది.

అయినా అన్యాయం జరిగితే

ముందు షెడ్డు యజమానితో నెమ్మదిగా మాట్లాడండి. వినకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక నకలు మన దగ్గర ఉంచుకోవాలి.

అప్పటికీ వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి. ఇది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు. ఫోన్‌కు ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడవచ్చు.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. డబ్బు ఇచ్చి సామాను కొన్నవాళ్ళు, పని చేయించుకున్నవాళ్ళు వినియోగదారులు. వాళ్ళ కోసం మొదట 1986లో చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020లో అమలులోకి వచ్చింది. చేసిన పనికి బిల్లు ఇవ్వకపోవడం ఈ చట్టం ప్రకారం అన్యాయమైన వ్యాపార పద్ధతి.

"మాది కిరాయి ఆటో కదా, మాకు ఈ చట్టం పనికొస్తుందా?" అని కొందరు అడుగుతారు. పనికొస్తుంది. బతుకుదెరువు కోసం సొంతంగా నడుపుకునే బండి అయితే మీరూ వినియోగదారులే.

గుర్తుంచుకోండి:

మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు.
అన్యాయం జరిగిన 2 సంవత్సరాల లోపు ఇవ్వాలి.
మనం చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫీజు లేదు.
వకీలు తప్పనిసరి కాదు. మన మాట మనమే చెప్పుకోవచ్చు.
మన దగ్గర ఉన్న బిల్లు, చీటీ, మెసేజ్‌లే మనకు సాక్ష్యం.

చీటీ రాయడం నేర్చుకుందాం

బండి నంబరు:
ఇచ్చిన తేదీ:
తిరిగిన కిలోమీటర్లు:
బండిలో ఉన్న లోపం:
మెకానిక్ చెప్పిన ఖర్చు:
ఇచ్చిన అడ్వాన్సు:
బండి తిరిగి ఇచ్చే తేదీ:
మెకానిక్ ఫోన్ నంబరు, సంతకం:

ఆలోచించండి, రాయండి

1. పై కథలో అక్క ముందుగా ఏమేం రాయించుకోవలసింది?
2. "నీకేం తెలుసమ్మా" అన్నప్పుడు మీరైతే ఏం జవాబు చెబుతారు?
3. కుట్టుమిషను, మిక్సీ, ఫోన్ రిపేరుకు ఇచ్చినప్పుడు ఈ చీటీలో ఏ మాటలు మార్చాలి? మీ నోటు పుస్తకంలో ఒక చీటీ రాయండి. సంఘం మీటింగులో చదివి వినిపించండి.