పాత కారునకు రంగు, అంచు

రంగు రెండు పనులు చేయును. ఇనుప రేకును గాలియు నీరును తాకకుండ కప్పి కాపాడుట మొదటి పని. చూచువారి కన్నులకు ఇంపు గూర్చుట రెండవ పని. పాత కారునకు రంగు వేయింపదలచినవారు పెక్కుమంది రెండవ పనినే ముందు తలతురు. వారి ధనము వ్యర్థమగుటకు మూలమిదియే. తాతగారి కాలపు కారు కొట్టములో నున్న యింటివారికిని, బడి ముగించి కార్ఖానాలలో పని నేర్వబోవు విద్యార్థులకును ఉపయోగపడునని తలంచి, కొద్దిపాటి సొమ్ముతో ఈ పనిని చక్కబెట్టుకొను విధమును మేమిచ్చట వివరించుచున్నాము.

1. బండి ఎట్టిది?

ఉదాహరణమునకు స్టాండర్డ్ హెరాల్డ్ కారును తీసికొందము. ఇంగ్లండులో ట్రయంఫ్ పేరిట 1959లో ఇది వెలువడినది. దీని రూపమును దిద్దినవాడు ఇటలీ దేశస్థుడగు జొవాన్నీ మికెలొట్టి. మద్రాసునందలి స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు 1961 నుండి దీనిని మన దేశమున తయారుచేసిరి. ఈ కారు చట్రమునే కురుచచేసి, ట్రయంఫ్ వారు 1962లో స్పిట్‌ఫైర్ అను రెండు సీట్ల స్పోర్ట్స్ కారును నిర్మించిరి. కావున మద్రాసు హెరాల్డ్‌ను స్పోర్ట్స్ కారునకు అక్కయని చెప్పవచ్చును.

ఈ బండిలో చట్రము వేరు, ఒడలు వేరు. ఒడలి భాగములు మరలతో బిగింపబడినవి. ముందుభాగమంతయు ఒక్క మూతవలె ముందునకు లేచును. తలుపులను, మూతలను ఊడదీసి విడివిడిగా రంగు వేయవచ్చును గాన, రంగు పనివానికి ఇది వరము. పాత కార్లను వాటి నిజమైన వన్నెలతో చూడగోరు విద్యార్థులు కోయంబత్తూరు వెళ్ళినపుడు, తెలుగింట బుట్టి యంత్రవిద్యలో కీర్తిగాంచిన జి.డి. నాయుడు (1893–1974) గారి పేరిట గల సంస్థవారి కార్ల ప్రదర్శనశాలను చూడవలయును.

2. ముందు లోపలి పరీక్ష

‘పైన పటారము, లోన లొటారము’ అని మన పెద్దలు ఊరక అనలేదు. తుప్పు పట్టిన రేకుపై ఎంత మేలైన రంగు వేసినను, లోపలి తుప్పు ఆగదు. కొలదికాలములో రంగు బొబ్బలెత్తి రాలిపోవును. హెరాల్డ్ బండిలో చట్రమునుండి ప్రక్కలకు చాచుకొనియున్న ఇనుప చేతులు, తలుపుల దిగువభాగములు, చక్రముల పై కమానులు ముందుగా చెడును.

పరీక్షకు ఒక చిన్న అయస్కాంతము చాలును. దానిని పలుచని గుడ్డలో చుట్టి రేకుపై మెల్లగా నడపవలయును. అతుకుకొన్నచోట ఇనుము కలదు. జారిపోయినచోట లప్పము మందముగా పూసి గుంటను, రంధ్రమును కప్పిరని తెలియును. అట్టి చోట్లు పెక్కు కనబడినచో, రంగుల మాట ప్రక్కనుంచి టింకరు పనివానిని పిలువవలయును. చట్రమే పుచ్చిపోయిన కారునకు రంగు వేయుట కన్న, ఆ సొమ్ముతో చట్రమును బాగుచేయించుట మేలు. ఏలయన, బండిలో కూర్చుండువారు మన పిల్లలే.

3. రంగులలో జాతులు

ఫోర్డు కంపెనీవారు 1914 నుండి 1925 వరకు తమ మోడల్ టీ కారును నలుపు రంగుతోనే అమ్మిరి. నాటి వర్ణపు రంగులు ఆరుటకు వారములు పట్టెడివి. 1923లో అమెరికాలో డ్యూపాంట్ వారి డ్యూకో అను నైట్రోసెల్యులోజ్ రంగు వచ్చుటతో ఆ ఆలస్యము గంటలలోనికి తగ్గినది. కారు రంగును మనవారు నేటికిని ‘డూకో’ అని పిలుచుటకు కారణమిదియే.

నేడు మనకు లభించునవి ముఖ్యముగా మూడు. ఎనామెల్: వెల తక్కువ, మెరుగుదిద్ద నక్కరలేదు; కాని మెల్లగా ఆరును, ఆరులోపల ధూళిని పట్టుకొనును. నైట్రోసెల్యులోజ్: త్వరగా ఆరును, గీత పడినచో సులభముగా సరిచేయవచ్చును, కాని మెరుపునకై రుద్దవలయును. గట్టిపరచు ద్రవము కలిపి వేయు రెండు పాళ్ళ రంగు: దృఢమైనది, ఎండకు ఓర్చును, వెల హెచ్చు, ప్రమాదమును హెచ్చు.

పాత రంగు ఏ జాతిదో తెలియక క్రొత్తది వేయరాదు. ఎనామెల్‌పై నైట్రోసెల్యులోజ్ వేసినచో, దాని థిన్నరు క్రింది పూతను ముడుతలుగా లేపును. కనబడని మూలలో థిన్నరులో తడిపిన గుడ్డతో తుడిచి చూడుడు. రంగు గుడ్డకు అంటినచో నైట్రోసెల్యులోజ్. ముడుతలు పడినచో ఎనామెల్. ఏమియు కానిచో కొలిమిలో ఎండినదో, రెండు పాళ్ళదో అని గ్రహింపవలయును.

4. ఒడలు, అంచు

వన్నెల ఎన్నికకు మన యింటి చీరకన్న మంచి గురువు లేదు. చీరకు ఒడలి రంగు ఒకటి, అంచు రంగు మరియొకటి. అంచు ఒడలిని ఎత్తిచూపవలయునేకాని దానితో పోటీపడరాదు. కారులో పైకప్పు, ప్రక్కగీత, చక్రములు, కిటికీల చట్రములు, ముందరి జల్లెడ, లోపలి సీట్లు ఇవన్నియు అంచు స్థానములు.

మొదటి నియమము: సీట్ల రంగును బట్టి ఒడలి రంగును ఎన్నుకొనుము. సీట్ల తొడుగులు మార్చుట వేరొక వ్యయము. గోధుమరంగు సీట్లు బాగుగా నున్నచో ముదురు నీలమో, మీగడ తెలుపో వానితో పొందికగా నుండును.

రెండవది: రెండు వన్నెలు చాలును. మెరుగు కమ్ములు, నల్ల రబ్బరు లెక్కలోనికి రావు. మూడవ వన్నె చేరిన కారు తిరునాళ్ళ బొమ్మవలె నుండును.

మూడవది: రెండు రంగులు కలియుచోటు రేకులోని సహజమైన మడతపైననే ఉండవలయును. నునుపైన రేకు నడుమ గీచిన గీత ఎంత తిన్ననిదైనను అతుకువలె కనబడును.

నాల్గవది: ముదురు నిగనిగలు రేకులోని ప్రతి సొట్టను చాటును, లేత వన్నెలు దాచును. మరియు ముదురు రంగు వేడిని హెచ్చుగా పీల్చును. పడమట కనుమలు కానవచ్చినను మన యెండ సామాన్యమైనది కాదు గాన, ఒడలు ముదురైనను కప్పునకు తెలుపు మేలు.

పందెపు కార్లకు దేశమునకొక రంగు ఉండెడిది. ఫ్రాన్సుకు నీలము, ఇటలీకి ఎరుపు, ఇంగ్లండునకు ముదురాకుపచ్చ. 1903లో ఐర్లండున జరిగిన గోర్డన్ బెన్నెట్ పందెమున, ఆ దేశమునందలి గౌరవముచే ఇంగ్లీషువారు పచ్చరంగు పూసిరని చెప్పుదురు. ఇట్టి పచ్చపై మనసుపడినవారు ఒకటి గమనింపవలయును: సైన్యమువారి ఆలివ్ పచ్చను ఇతరుల బండ్లకు వేయుట మన మోటారు నియమములు నిషేధించుచున్నవి.

5. వ్యయపు లెక్క

రంగు పూయవలసిన వైశాల్యము 12 చదరపు మీటర్లనుకొందము. సిద్ధపరచిన రంగు లీటరునకు 8 చదరపు మీటర్లు వచ్చునని, అందు సగము స్ప్రేగన్ను వెంట గాలిలో పోవునని భావింతము. అపుడు లీటరునకు నిలుచునది 4 చదరపు మీటర్లు. ఒక పూతకు 3 లీటర్లు, మూడు పూతలకు 9 లీటర్లు. సగము థిన్నరైనచో కొనవలసిన రంగు నాలుగున్నర లీటర్లు.

పొదుపు చేయదగిన చోట్లు ఇవి. పాత వన్నెనే మరల వేయుట: తలుపుల లోయంచులు, యంత్రపు గది మరల పూయ నక్కరలేదు, నమోదు పత్రములో రంగు మార్పించుకొను శ్రమయు లేదు. మెరుపుపొడి కలిసిన రంగులను విడుచుట: వానిపై స్వచ్ఛమైన పూత మరియొకటి వలయును, తరువాత అతుకువేసినను వన్నె కలియదు. రేకు రుద్దుట వంటి ఓపిక పనులు ఇంటివారే చేసికొనుట.

పొదుపు చేయరాని చోట్లు రెండే: తుప్పు తీయుట, ప్రైమరు వేయుట. చవుక రంగు మంచి పునాదిపై కొన్ని యేండ్లు నిలుచును. మేలైన రంగు చెడ్డ పునాదిపై ఒక వానకాలము నిలువదు.

6. కాలము, ఆరోగ్యము

మన ప్రాంతమున ముఖ్యమైన వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురియును. గాలి తేమగా నున్నపుడు నైట్రోసెల్యులోజ్ వేసినచో, థిన్నరు ఆవిరియగుచు రేకును చల్లబరచును. గాలిలోని తేమ దానిపై చేరి తెల్లని మంచుపొరవలె నిలుచును. కావున వానలు వెడలిన తరువాతనే పని పెట్టుకొనవలయును.

రెండు పాళ్ళ రంగులోని ఐసోసయనేట్ అను పదార్థము ఊపిరితిత్తులకు చేటు. ఒకసారి ఉబ్బసము పట్టినచో విడుచుట కష్టము. ముక్కునకు గుడ్డ కట్టుకొనుట దీనికి చాలదు. మంచి గాలి యంత్రమును తగిన ముసుగును లేని చోట ఈ రంగును వేయింపరాదు. పాత పూతలలో సీసము ఉండవచ్చును గాన, వానిని పొడిగా గీకక నీటితో తడిపి రుద్దవలయును. థిన్నరు దగ్గర నిప్పు కూడదు. వెల తగ్గుననుచు పనివాని ఊపిరిని వెలగా పెట్టుట మితవ్యయము కాదు. ఆ పనివాడు రేపు మన బడి విద్యార్థియే కావచ్చును.

7. పని మాటలు

ఇంట తెలుగు, వీధిని తమిళము, కార్ఖానాలో ఇంగ్లీషు వినెడి మన పిల్లలకు ఒకే వస్తువు మూడు పేర్లతో దొరకును. తుప్పును తమిళులు ‘తురు’ అందురు; లప్పమును ‘పట్టి’ అందురు; ఇసుక కాగితమును ‘ఉప్పుత్తాళ్’ అందురు. మూడింటిని నేర్చుట లాభమే. కాని తుప్పు, లప్పము, పూత, అంచు, చట్రము, ఒడలు అను మాటలను పనిచోట వాడనిచో అవి పుస్తకములలోనే మిగిలిపోవును. ఇంట కారు తుడుచునపుడైనను తలిదండ్రులు ఈ మాటలను పిల్లలచేత పలికింపగోరుచున్నాము.

అభ్యాసము

1. లప్పముతో కప్పిన రంధ్రమును అయస్కాంతము ఎట్లు పట్టియిచ్చును?
2. పైలెక్కలో నాలుగవ వంతు భాగమునకు అంచు రంగు వేసినచో, ఏ రంగు ఎంత కొనవలయును?
3. మీ యింటిలోని ఒక చీర ఒడలి, అంచు వన్నెలను వ్రాసి, అవి కారునకు తగునో తగవో కారణములతో తెలుపుడు.
4. తుప్పు తీయుటలో పొదుపు ఏల కూడదో మీ సొంత వాక్యములలో వ్రాయుడు.