వాగొడ్డు అడవిలో ఇనుప కొలిముల జాడ: నా అనుభవ పాఠాలు

జనగామ చెలకల నుంచి మహబూబాబాద్ వాగుల మీదుగా భూపాలపల్లి అడవుల దాకా పాత ఇనుప కొలిముల ఆనవాళ్లు వెతుకుతూ నా వయసులో చాలా భాగం గడిచింది. ఇప్పుడు కాళ్లు మునుపటిలా సహకరించడం లేదు. ఈ పనికి పూనుకునే పిల్లలకు ఉపయోగపడతాయని, నేర్చుకున్నవి వరుసగా రాస్తున్నాను.

1. ఏం మిగిలి ఉంటుందో ముందే తెలుసుకోండి

ఇంగ్లండ్‌లో వీల్డ్ అనే అడవి ప్రాంతంలో పాత ఇనుప కార్ఖానాల కోసం వెతికేవాళ్లు వాగుకు అడ్డంగా వేసిన కట్టనూ, నీటి చక్రం తిరిగిన గుంతనూ చూస్తారు. అక్కడ తిత్తులను నీటి బలంతో ఆడించేవారు. మన దగ్గర తిత్తులు ఆడించింది మనిషి చేతులూ కాళ్లే. అందుకే చక్రాల కోసం, రాతి గోడల కోసం వెతికితే ఏమీ దొరకదు.

మన కొలిమిని మట్టితో కట్టేవారు. ఇనుము పూర్తిగా కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. ఆ కొలిమిలో పుట్టేది సుమారు 1200 డిగ్రీలు. ఆ వేడికి రాతిలోని మలినం కరిగి కిందికి పారుతుంది, ఇనుము మాత్రం రంధ్రాలున్న ముద్దగా లోపలే మిగులుతుంది. కొలిమి ముందుగోడ పగలగొట్టి ఆ ముద్దను బయటికి లాగి, ఎర్రగా ఉండగానే సమ్మెటలతో కొట్టేవారు. కాబట్టి నిలబడి ఉన్న కొలిమి కనబడడం చాలా అరుదు. మనకు మిగిలేవి చిట్టెం (అలా పారి గడ్డకట్టిన మలినం), తిత్తి గాలిని లోపలికి పంపిన గొట్టాల పెంకులు, ఎర్రగా కాలిన మట్టి. ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే అక్కడ కొలిమి నడిచిందని ధైర్యంగా చెప్పవచ్చు.

2. వాగు ఒక్కటే చూస్తే చాలదు

కొలిమికి నాలుగు కావాలి: ఇనుప రాయి, కట్టె బొగ్గు, బంకమట్టి, నీళ్లు. వీటిలో ఎక్కువ ఖర్చయ్యేది బొగ్గు. వచ్చే ఇనుము కంటే కొన్ని రెట్ల బరువు బొగ్గు కాల్చాలి. అందుకని కొలిమే అడవి దగ్గరికి పోయేది. చుట్టూ గట్టి కర్ర తగ్గాక ఇంకో చోటికి మారేది. బయ్యారం, గార్ల వైపు గుట్టల్లో ఇనుప రాయి ఉంది. కొన్నిచోట్ల వాన వెలిశాక ఒర్రెల్లో నల్ల ఇసుక పేరుకుంటుంది. చిన్న అయస్కాంతం దగ్గర పెడితే అది వెంటనే అంటుకుంటుంది. గుట్టా, ఒర్రె, బంకమట్టి, పాత అడవి కలిసే చోటును ముందు నక్షలో గుర్తు పెట్టుకుని, తర్వాత నడవండి.

3. చిట్టేన్ని కళ్లతోనే కాదు, చేతితోనూ గుర్తుపట్టాలి

మన ప్రాంతంలో కాలిన నల్లరాయి ప్రతిదీ చిట్టెం కాదు. డోర్నకల్ జంక్షన్ పరిసరాల్లో ఆవిరి ఇంజన్లు పారబోసిన బొగ్గు చిట్టు ఉంటుంది. భూపాలపల్లి సింగరేణి గనుల ఊరు, అక్కడా కాలిన బొగ్గు గడ్డలు దొరుకుతాయి. ఇటుక బట్టీల దగ్గర మాడి గాజుబారిన ఇటుక ముక్కలుంటాయి. ఇవన్నీ చేతికి తేలిగ్గా ఉంటాయి. ఇనుప చిట్టెం మాత్రం పరిమాణానికి మించిన బరువుంటుంది, ఎందుకంటే అందులో ఇనుము చాలా మిగిలిపోతుంది. దాని పైభాగం, కారిన మైనం గడ్డకట్టినట్టు, మడతలు మడతలుగా కనిపిస్తుంది. అడుగున బొగ్గు ముక్కల ముద్రలు పడి ఉంటాయి. గాలి గొట్టం పెంకుకు ఒక కొస గాజులా మెరుస్తుంది, రెండో కొస మామూలు కాలిన మట్టిలాగే ఉంటుంది.

వీటితోపాటు, ఊక కలిపిన మట్టితో చేసిన చిన్న మూసల పెంకులు కనిపిస్తే ఇంకా జాగ్రత్తగా చూడండి. అవి ఉక్కు తయారైన చోటును చూపవచ్చు.

4. అడవి ఎరిగినవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోండి

పుస్తకం చూపని చోటును పశువుల కాపరి చూపిస్తాడు. కొత్తగూడ, గంగారం, గూడూరు వైపు కోయ గూడేల పెద్దలకూ, తండాల్లో తునికాకు ఏరే అక్కలకూ ఏ బాటలో నల్లరాళ్లు కాలికి గుచ్చుకుంటాయో తెలుసు. "తాతా, ఇక్కడ చరిత్ర ఏమైనా ఉందా?" అని అడిగితే గుడినో గడీనో చూపిస్తారు. "నాగలికి బరువైన నల్లరాళ్లు ఏ చెలకలో తగులుతాయి?" అని అడగండి, సూటిగా ఆ చోటికే తీసుకుపోతారు. వాళ్లు చెప్పింది రాసుకునేటప్పుడు చూపించిన మనిషి పేరు రాయవచ్చా అని అడిగి, ఒప్పుకుంటేనే రాయండి.

5. కాలం చూసుకుని బయలుదేరండి

ఆకు రాలిన మాఘ ఫాల్గుణాల్లో నేల కనిపిస్తుంది. తొలకరి తర్వాత మట్టి కొట్టుకుపోయి చిట్టెం పైకి తేలుతుంది. పత్తి, మక్క ఏపుగా పెరిగాక వెతకడం వృథా, రైతు పంట కూడా పాడవుతుంది.

వరద ఒక చేత్తో చూపి, ఇంకో చేత్తో తీసుకుపోతుంది. 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరులో ఆకేరు వాగు ఉగ్రరూపం చూశాం. అలాంటి వరదకు ఒడ్డు కోసుకుపోయినప్పుడు లోపలి పొరలు బయటపడతాయి. ముందు అక్కడి మనుషులు తేరుకోవాలి, వాళ్ల కష్టంలో చేయి వేయాలి. ఆ తర్వాతే ఒడ్డు చూడాలి. వాగు మధ్యలో దొరికిన చిట్టెం కొట్టుకొచ్చినదై ఉంటుంది. దాని పుట్టుచోటు ఎగువన ఉంటుంది కాబట్టి ప్రవాహానికి ఎదురు నడవండి.

6. అనుమతి లేకుండా, ఒంటరిగా అడవిలోకి పోకండి

రిజర్వు అడవైనా, పాకాల లాంటి అభయారణ్యమైనా అటవీ శాఖకు చెప్పి, అనుమతి తీసుకుని వెళ్లాలి. చెలకైతే రైతును అడగాలి. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఎలుగుబంట్లు తిరుగుతాయి. కాళ్లకు బూట్లు, చేతిలో కర్ర, పక్కన ఆ ఊరి మనిషి ఉండాలి. ఎండాకులున్న చోట అగ్గి రాజేయవద్దు.

7. ఉన్నచోటే ఉంచి, రాసుకోండి

నేను చెప్పేవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఇంటి అల్మారాకు చేరిన చిట్టెం ముక్క మామూలు రాయి. ఉన్నచోట ఉన్న ముక్క మాత్రం కొలిమి ఎటు తిరిగి ఉందో, మలినం ఎటు పారిందో, వాగు ఎంత దూరమో చెబుతుంది. తవ్వకండి, కుప్ప కదపకండి. ఊరు, సర్వే నంబరు, ఫోనులో కనిపించే అక్షాంశ రేఖాంశాలు, కుప్ప పొడవు వెడల్పు, దగ్గరి నీళ్లు, తేదీ రాయండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. నాణేలు, విగ్రహాలు బయటపడితే అధికారులకు తెలపాలి. భూమిలో దొరికిన పది రూపాయల విలువ మించిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది.

8. కాలం నిర్ణయించడానికి తొందరపడకండి

ఓరుగల్లు గడ్డ మీద ఏది దొరికినా కాకతీయులదే అనేస్తాం. 1213 నాటి రామప్ప గుడి రాళ్ల అతుకుల్లో ఇనుము వాడిన మాట నిజమే. కానీ ఇనుము అంతకంటే ఎంతో ముందునుంచే ఈ నేల మీద ఉంది. తెలంగాణ పెద్దరాతి సమాధుల్లో ఇనుప పనిముట్లు దొరికాయి. ఇటీవలి కాలానికి వస్తే, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఉక్కు తయారీని హెచ్.డబ్ల్యు. వాయ్‌సే అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కళ్లారా చూసి రాశాడు. ఆయన మరణం తర్వాత 1832లో అది అచ్చయింది. ఆ ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారని ఆ రాతవల్ల మనకు తెలుస్తోంది. అంటే ఒక చిట్టెం కుప్ప మూడువేల ఏళ్ల నాటిది కావచ్చు, రెండువందల ఏళ్ల నాటిదీ కావచ్చు. చిట్టెంలో ఇరుక్కున్న బొగ్గును ప్రయోగశాలలో పరీక్షిస్తే కాలం తెలుస్తుంది. ఆ బొగ్గు చెదరకుండా ఉండాలన్నా కుప్పను ముట్టుకోకూడదు.

9. పనిచేసిన చేతుల్ని తలచుకోండి

బయ్యారం చెరువును తవ్వించింది కాకతీయ రాజు గణపతిదేవుని సోదరి మైలాంబ. అక్కడి శాసనంలో కాకతీయుల వంశక్రమం ఉంది. కొలిమి నడిపిన ముద్ద కమ్మరులకు అలాంటి శాసనం వేయించినవాళ్లు లేరు. వాళ్లు చేసిన నాగటికర్రులు, గొడ్డళ్లు అరిగి పోయాయి. వాళ్ల పనికి మిగిలిన సాక్ష్యం ఈ చిట్టెమే. విదేశాల నుంచి చౌక ఇనుము దిగాక, బొగ్గుకు అడవి కర్ర దొరకడం కష్టమయ్యాక ఆ కొలిములు చల్లారాయి. ఆ పని తెలిసిన కుటుంబాలు సమ్మెట పనికో, వడ్రంగానికో, కూలికో మళ్లాయి.

2014 రాష్ట్ర విభజన చట్టంలో అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే వీలు చూడాలన్న మాట చేరినప్పుడు, దాన్ని బయ్యారానికి మనమంతా హక్కుగా అడిగాం. అడగడం న్యాయమే. అదే నేల మీద ముందుతరాలు ఇనుము తీసిన చోట్లను కాపాడుకోవడం కూడా మన బాధ్యతే.

10. ఆలస్యం చేయకండి

చెలకలు చదును చేసే ట్రాక్టరుకు, మట్టి తోలే టిప్పరుకు చిట్టెం కుప్ప అడ్డం మాత్రమే. ఒక్క పొద్దులో అది మాయమవుతుంది. డాక్టర్ ఎస్. జైకిషన్ ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి ఈ కొలిముల చరిత్ర రాశారు. 2010లో పరిశోధకులు శారదా శ్రీనివాసన్, గిల్ జులెఫ్ నడిపిన సర్వే ఆ పనిని ముందుకు తీసుకుపోయింది. అంత పెద్ద పని మనం చేయలేకపోవచ్చు, మన ఊరి సంగతి మాత్రం మనకంటే ఎవరికీ ఎక్కువ తెలియదు. ఈ ఎండాకాలం మీ ఊరి పొలిమేర ఒకసారి తిరగండి. దొరికిన చోటును నోటుబుక్కులో రాసి, ఒక ప్రతి గ్రామ పంచాయతీకీ, ఇంకొకటి రాష్ట్ర వారసత్వ శాఖకూ ఇవ్వండి. బడిపిల్లలను తీసుకుపోయి ఆ కుప్ప ఎవరిదో చెప్పండి. ఊరందరికీ తెలిసిన కుప్పను తొలగించడం అంత సులువు కాదు.