చేతిలో క్యూ ఉంది, యు లేదు: ఇంగ్లిష్ పదాల ఆటకు చిట్కాలు

స్క్రాబుల్ బోర్డు పరచగానే "నాకంత ఇంగ్లిష్ రాదు" అని పక్కకు తప్పుకునేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. కానీ న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ విజేత అయ్యాడు. 2024లో స్పానిష్‌లోనూ గెలిచాడు. ఈ ఆటకు భాషా పాండిత్యం కన్నా ఏ అక్షరం దేని పక్కన చేరుతుందో తెలియడం ముఖ్యం.

1. చెవితో కాదు, కంటితో వెతకండి. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి మనకు ఏ పదమైనా ముందు చెవికే తడుతుంది. అక్కడే దెబ్బ తింటాం. నైఫ్ అనగానే ఎన్ కోసం చూస్తాం గానీ దాని ముందున్న కె గుర్తురాదు. రాంగ్‌కు ముందు డబ్ల్యూ, సైకాలజీకి ముందు పి, బాంబ్ చివర బి, లైట్ మధ్యలో జి-హెచ్ ఇలా దాక్కున్నవే. చేతిలో కె, ఎన్ రెండూ ఉంటే ముందు వాటిని జతగా పెట్టి చూడండి. పి, హెచ్ ఉంటే ఎఫ్ లేని లోటు తీరినట్టే. ఎదుటివాళ్లకు తట్టని పదాలు ఎక్కువగా ఈ సైలెంట్ అక్షరాలవే.

2. బిళ్లలను కదుపుతూ ఉండండి. వచ్చిన వరుసలోనే చూస్తూ కూర్చుంటే పదం తట్టదు. ఐ-ఎన్-జి, ఇ-డి, ఇ-ఆర్, ఐ-ఓ-ఎన్ లాంటి తోకలు దొరికితే తీసి కుడివైపు పెట్టండి. ఆర్-ఇ, యు-ఎన్ ఉంటే ఎడమవైపుకు జరపండి. ఇక మిగిలిన మూడు నాలుగు అక్షరాలతోనే తంటా. ఏడు బిళ్లలూ ఒకేసారి వేస్తే 50 పాయింట్లు అదనం. రెటీనాకు ఎస్ చేర్చిన ఏడక్షరాలనే తిప్పి వేస్తే రిటైన్స్ అవుతుంది, మళ్లీ తిప్పితే నాస్టియర్ అవుతుంది. బోర్డు మీద ఒకటి ఇమడకపోతే ఇంకొకటి ఇముడుతుంది.

3. రెండక్షరాల పదాలను కంఠస్థం చేయండి. కొలిన్స్ స్క్రాబుల్ జాబితాలో ఇవి 127 ఉన్నాయి. అన్నీ అక్కర్లేదు, బరువైన అక్షరాలవి చాలు: క్యూ-ఐ, జెడ్-ఎ, జె-ఓ, ఎక్స్-ఐ, ఎక్స్-యు, ఓ-ఎక్స్, కె-ఎ. కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తే పాలు తీసిన ప్రతిసారీ చదువుతారు. వి అక్షరానికి మాత్రం రెండక్షరాల పదం ఒక్కటీ లేదు, అందుకే దాన్ని చివరిదాకా మోయకండి.

4. క్యూ వచ్చిందని యు కోసం కాచుకు కూర్చోవద్దు. మొత్తం బిళ్లల్లో యులు నాలుగే. చైనీయులు ప్రాణశక్తి అనే అర్థంలో వాడే క్యూ-ఐ ఎక్కడైనా ఇముడుతుంది. ఫకీర్‌ను, తలాక్‌ను కూడా క్యూతో రాయొచ్చు, రెంటిలోనూ యు ఉండదు. క్యూ విలువ 10 పాయింట్లు. వేయలేక మిగుల్చుకుంటే అవే పాయింట్లు మీ లెక్కలోంచి పోతాయి.

5. వంటింట్లోకీ ఓసారి తొంగి చూడండి. దోస, రోటీ, నాన్, ఘీ కొలిన్స్ జాబితాలో దర్జాగా ఉన్నాయి. లాఖ్, క్రోర్, ధోతీ కూడా. పప్పయితే కనీసం మూడు వేషాల్లో ఉంది: డి-ఎ-ఎల్, డి-హెచ్-ఎ-ఎల్, డి-ఎ-హెచ్-ఎల్. మూడూ చెల్లుతాయి. అమ్మమ్మను ఆటలో కూర్చోబెట్టడానికి ఇంతకన్నా మంచి సాకు లేదు.

6. ఎస్‌ను చిల్లరకు ఖర్చు పెట్టకండి. 100 బిళ్లల్లో ఇ 12 ఉంటే ఎస్ నాలుగే. ఆటను కనిపెట్టిన ఆర్కిటెక్ట్ ఆల్‌ఫ్రెడ్ బట్స్ పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి బిళ్లలు పంచాడు. ఎస్‌ను మాత్రం కావాలనే తగ్గించాడు, లేకపోతే అందరూ బహువచనాలతోనే నెట్టుకొచ్చేవారు. బోర్డు మీదున్న పదానికి ఎస్ తగిలించి, అదే ఎస్ మీదుగా మీ కొత్త పదం నడిపితే రెండింటి పాయింట్లూ మీవే.

7. అచ్చులు అందకపోతే వై ఉందేమో చూడండి: మిత్, లింక్స్, జిప్సీ, రిథమ్. అదీ లేకపోతే హెచ్-ఎం-ఎం, పి-ఎస్-ఎస్-టి కూడా పదాలే. నవ్వొచ్చినా పాయింట్లు వస్తాయి.

8. అయిదక్షరాల పదాన్ని ఊహించే ఆన్‌లైన్ ఆట వర్డిల్‌లో నాలుగు అక్షరాలు సరైన చోట పడి పచ్చబడగానే సంబరపడొద్దు. జోష్ వార్డిల్ 2021లో జనం ముందుకు తెచ్చి, 2022లో న్యూయార్క్ టైమ్స్‌కు అమ్మిన ఈ ఆటలో ఆరే అవకాశాలు. చివర ఎ-టి-సి-హెచ్ తేలిందనుకోండి. బ్యాచ్, క్యాచ్, హ్యాచ్, ల్యాచ్, మ్యాచ్, ప్యాచ్, వాచ్... ఒక్కొక్కటే వేస్తూ పోతే ఆట అయిపోతుంది. అలాంటప్పుడు జవాబు కాదని తెలిసినా పి-ఎల్-యు-ఎం-బి, అంటే ప్లంబ్, వేయండి. నాలుగు అనుమానాలు ఒకే దెబ్బకు తేలిపోతాయి. తేలిన అక్షరాలను తప్పక వాడాల్సిన హార్డ్ మోడ్‌లో మాత్రం ఈ ఎత్తు కుదరదు.

9. వర్డిల్ జవాబులో ఒకే అక్షరం రెండుసార్లు రావచ్చని మరవకండి.

10. అక్షరాలిస్తే పదాలు చెప్పే సైట్ల సంగతి. పత్రికలో గళ్లనుడికట్టు పూరిస్తూ ఎక్కడో ఇరుక్కుంటే చూడటం నా దృష్టిలో తప్పు కాదు. వన్‌లుక్ అనే సైట్‌లో తెలియని ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రశ్నార్థకం, ఎన్ని అక్షరాలో తెలియనిచోట నక్షత్రం గుర్తు పెడితే సరిపోయే పదాలన్నీ వస్తాయి. ఎదురుగా మనిషి కూర్చున్న ఆటలో మాత్రం ఫోన్ బోర్లా పెట్టాల్సిందే. ఆట ముగిశాక మీ చివరి ఏడక్షరాలు అలాంటి సైట్‌లో కొట్టి ఏం జారవిడిచారో చూసుకోండి. ఏ డిక్షనరీ మాట చెల్లుతుందో మాత్రం మొదటి బిళ్ల వేయకముందే తేల్చుకోండి. అమెరికా జాబితాకూ కొలిన్స్‌కూ తేడాలున్నాయి, మధ్యలో మొదలైన పేచీ భోజనాల దాకా సాగుతుంది.