యూనిఫాం విప్పబోతున్న మేనల్లుడికి

సికింద్రాబాద్



నీ ఉత్తరం అందింది. వచ్చే ఏడు పెన్షన్ మీద ఇంటికొచ్చేస్తున్నావు. బ్యాంకు దగ్గర గన్‌మన్‌గా చేరాలా, మనవైపు కంప్యూటర్ రిపేరు నేర్పేచోట పాఠాలు చెప్పాలా అని అడిగావు. మీ అమ్మ మొదటిదే మేలంటోంది, నెల తిరిగేసరికి జీతం చేతిలో పడుతుందని. ఆ మాట తీసిపారేసేది కాదు. అయినా సైన్యంలో బండ్లు బాగుచేసే ఈఎంఈలో ఇన్నేళ్లు పానా పట్టిన చేతికి తుపాకీ ఇచ్చి గుమ్మం దగ్గర కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. నువ్వు పాఠాలే చెప్పు.

‘బండ్ల మెకానిక్‌ని, కంప్యూటర్ల సంగతి నాకేం తెలుసు?’ అన్నావు. నేను మాత్రం? తిరుమలగిరిలో ట్రైనింగయ్యి శక్తిమాన్ లారీల కింద దూరినవాణ్నే. నేను బయటికొచ్చేసరికి ఊరంతా విండోస్ 95 మాటే. కంప్యూటరు పెట్టె మూత తీసి చూస్తే అందులో నాకు తెలిసిన భాగం ఒక్కటీ లేదు. తెలిసినదల్లా లోపాన్ని వెతికే దారి. అది చాలింది.

లదాఖ్ చలిలో లారీ స్టార్టవ్వకపోతే ఏం చేస్తాం? ఇంజన్ విప్పం. ముందు సెల్ఫు తిరుగుతోందా చూస్తాం. తిరుగుతుంటే డీజిల్ పంపు దాకా వస్తోందా? రాకపోతే లైన్లో గాలి చేరిందా, చలికి డీజిల్లో మైనం కట్టి ఫిల్టరు మూసుకుపోయిందా? ఒక్కో ప్రశ్నకూ సగం బండి అనుమానంలోంచి బయటపడుతుంది. కంప్యూటరుకూ అదే. స్విచ్చి వేస్తే తెర మీద ఏమీ రాలేదనుకో. హార్డ్ డిస్కూ, తెరకు అక్కర్లేని కార్డులూ అన్నీ పీకి పక్కన పెట్టు. బోర్డు, ప్రాసెసరు, ఒకే ఒక్క ర్యామ్, పవర్ సప్లై, తెర ఉంచు. ఇప్పుడు వెలిగిందా, దొంగ పక్కన పెట్టినవాటిలో ఉన్నాడు. ఒక్కొక్కటీ మళ్లీ తగిలిస్తూ పో. వెలగలేదా, వెతకాల్సింది ఆ ఉంచినవాటిలోనే.

ఎంత లోతు దాకా విప్పాలన్నదీ నీకు కొత్త కాదు. యూనిట్ వెంట ఉండే ఎల్ఏడీ జట్టు చిన్న మరమ్మతులు చేస్తుంది, ఫీల్డ్ వర్క్‌షాపు అసెంబ్లీ మారుస్తుంది, మొత్తం ఓవర్‌హాల్ బేస్ వర్క్‌షాపుది. కంప్యూటర్లలోనూ అంతే, కార్డు మొత్తం మారిస్తే కార్డు లెవెల్, బోర్డు మీది చిప్పుల దాకా వెళితే చిప్ లెవెల్ అంటారు. ‘మూడు నెలల్లో చిప్ లెవెల్’ అని బోర్డులు కనిపిస్తాయి, వాటిని పట్టించుకోకు. మల్టీమీటరు సరిగ్గా పట్టడం రాని కుర్రాడి చేతికి హాట్ ఎయిర్ గన్ ఇస్తే బాగున్న బోర్డు కూడా మాడుతుంది. ముందు కళ్లతో చూడటం నేర్పు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు వచ్చిన చాలా మదర్‌బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు పైన ఉబ్బి, కారిపోయేవి. మీటరుతో పనే లేదు, చూస్తే తెలిసేది.

ఇక నువ్వు మార్చుకోవాల్సింది ఒకటుంది. మన ఉస్తాదులు మనకు నేర్పిన పద్ధతి బయాన్, నమూనా, ఆ తర్వాత నకలు: చెప్పడం, చేసి చూపడం, చూసి చేయించడం. కవాతుకూ, రైఫిల్ విప్పి కూర్చడానికీ అంతకు మించిన పద్ధతి లేదు, అందరి చేతులూ ఒకేలా కదలాలి గనక. లోపం పట్టడం అలా రాదు. నువ్వు ముందు పట్టి చూపిస్తే ఆ ఒక్క లోపమే వాళ్లకు గుర్తుంటుంది. అందుకే పాఠానికి ముందే వెళ్లి సిస్టమ్‌లను చెడగొట్టి పెట్టు. ఒకదాని ర్యామ్‌ను సగమే నొక్కు. ఒకదానికి అయిపోయిన సీమాస్ బ్యాటరీ వెయ్యి, ఇంకోదానికి ప్రాసెసర్ ఫ్యాను తీగ ఊడదీయి. కుర్రాళ్లు తంటాలు పడుతుంటే నీ చెయ్యి ఆగదు, నాకు తెలుసు. జేబులో పెట్టుకో. ‘ఏం చూశావు, ఏమనుకున్నావు, తర్వాత ఏం చూస్తావు?’ అని మాత్రం అడుగు. స్క్రూడ్రైవర్ పట్టేముందు జాబ్ కార్డు రాయించు, బండి లాగ్‌బుక్కు రాసినట్టే. ‘మొన్న పిడుగు పడ్డాక ఆన్ కావట్లేదు’ అని కస్టమరు అన్నదాన్ని ఆయన మాటల్లోనే రాయాలి. సగం రోగం అక్కడే దొరుకుతుంది.

ఆజ్ఞ చాలని కూడా అనుకోకు. ‘పవర్ సప్లై మూత తీయొద్దు’ అంటే నువ్వు బయటికెళ్లగానే తీస్తారు. మన 230 వోల్టులు అందులో డీసీగా మారితే దాదాపు 325 అవుతాయనీ, ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లో ఆ వోల్టేజీ కొంతసేపు నిలిచి ఉంటుందనీ లెక్క వేసి చూపించు. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బితే గుచ్చకూడదన్నదీ అంతే, కారణంతో చెప్పు.

సైన్యంలో బండి సర్కారుది. ఇక్కడ సొంతదారు ఎదురుగా నిలబడి ఉంటాడు. ఆయన హార్డ్ డిస్కులో కూతురి పెళ్లి ఫొటోలుంటాయి. అడగకుండా ఫార్మాట్ కొట్టినవాణ్ని క్లాసులోంచి లేపేసెయ్, నేనైతే అదే చేస్తాను. రిపేరు ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరైతే ఆ మాట ముందే చెప్పే అలవాటూ చేయించు. డబ్బు పోతుందని ఈ ఒక్క పాఠాన్ని చాలామంది నేర్పరు.

పెన్షన్‌కు ముందు ఇచ్చే రీసెటిల్‌మెంట్ కోర్సుల్లో హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ ఉందేమో మీ ఆఫీసులో అడుగు, ఉంటే వదలకు. రేపు ఐటీఐలో బోధకుడిగా చేరాలనిపిస్తే బోధకులకిచ్చే సీఐటీఎస్ శిక్షణ సర్టిఫికెట్ అక్కరకొస్తుంది. హైదరాబాద్‌లో విద్యానగర్, రామంతాపూర్‌లలోని ఎన్ఎస్‌టీఐ శిక్షణ సంస్థల్లో విచారించవచ్చు. సెలవు మీద వచ్చినప్పుడు ట్రేడు సర్టిఫికెట్లు తెచ్చుకో, ఇద్దరం కలిసి వెళదాం. చచ్చిపోయిన పవర్ సప్లైలు నా దగ్గర రెండు గోతాలున్నాయి, క్లాసుకు పట్టుకుపో. మీ అమ్మతో నేనే మాట్లాడతాను.

ఇట్లు,
మావయ్య