డాక్టరమ్మ అడిగినప్పుడు

మోప్కా, బిలాస్‌పూర్

చిన్నీ,

సోమవారం నిన్ను లేడీ డాక్టర్‌కి చూపిస్తానని మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో మాట్లాడదామంటే ఆ ఫోను తన చేతిలోనే ఉంటుంది. అందుకే రాసి బాబాయితో పంపిస్తున్నాను.

పదహారేళ్లప్పుడు నేను నెలసరి నాలుగో రోజు తలంటు పోసుకుని ఇంట్లోకి వచ్చేసేదాన్ని. రక్తం మాత్రం పదో రోజుదాకా పోయేది. ఎవరికీ చెప్పలేదు. నీరసంగా ఉంటున్నానని మీ అమ్మమ్మ ఆస్పత్రికి తీసుకెళ్లింది. "మహీనా ఠీక్ ఆతా హై?" అని డాక్టర్ నెలసరి గురించి నన్నడిగితే, "ఠీక్ హై, బస్ కమ్‌జోరీ హై" అని అమ్మమ్మ చెప్పేసింది. ఆమె అబద్ధమాడలేదు, తెలిసిందే చెప్పింది. బడిలో హిందీ ఎంత చదివినా, ఈ సంగతులు మనింట్లో తెలుగులోనే నడుస్తాయి, అదీ గుసగుసగా. నాకు నోరు పెగల్లేదు. బలం మందు రాసిచ్చి పంపేశారు. ఇంకో రెండేళ్లు మెట్లెక్కితే ఆయాసపడ్డాను.

నువ్వలా కూర్చోకమ్మా. మూడు నెలల తారీఖులు ఒక కాగితం మీద రాసుకో. ఎన్ని రోజులయింది, రోజుకెన్ని ప్యాడ్లు, నొప్పితో బడి ఎన్నిసార్లు మానావో రాయి. నువ్వు పెద్దమనిషివై రెండేళ్లేగా, 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా కంగారు పడక్కర్లేదు. రక్తం పోవడం ఏడు రోజులు దాటినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా తప్పకుండా చెప్పు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనతే. తెల్లబట్టని హిందీలో సఫేద్ పానీ అంటారు. వాసనో దురదో ఉంటే సిగ్గుపడకుండా ఆ మాటే వాడు.

డాక్టర్ దగ్గర చాలావరకు ప్రశ్నలే ఉంటాయి. బీపీ చూస్తారు, పొట్ట నొక్కి చూస్తారు. స్కానింగ్ రాస్తే పొట్టమీదనుంచే చేస్తారు. నీళ్లు బాగా తాగి ఒంటికి వెళ్లకుండా ఉండమంటారు. పెళ్లికాని పిల్లలకు లోపలి పరీక్ష మామూలుగా చెయ్యరు. చెయ్యాలంటే ఎందుకో అడుగు, వద్దనే హక్కు నీకుంది. మగ డాక్టరైతే పక్కన ఆడమనిషి ఉండి తీరాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. "ముఝే ఆప్‌సే అకేలే బాత్ కర్నీ హై" అని డాక్టర్‌తో అను. రోగి రహస్యం బయటపెట్టకూడదని 2002 నాటి డాక్టర్ల వృత్తి నియమాల్లో ఉంది. అయినా నీకింకా పద్దెనిమిది నిండలేదు కనక, అమ్మకు ఏం చెబుతారో ముందే అడుగు. ఆపరేషన్‌ లాంటిదైతే పెద్దల సంతకం కావాలి. ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. ఎవరైనా నీ ఒంటిమీద చెయ్యి వేశారని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం డాక్టర్ పోలీసులకు చెప్పక తప్పదు. అలాంటిదేదన్నా ఉంటే తప్పు నీది కాదు. ఎంత రాత్రయినా నా దగ్గరికి రా, లేదా 1098కి ఫోన్ చెయ్యి. డబ్బులు పడవు.

రైల్వే ఆస్పత్రి కార్డు మీ నాన్న ఉద్యోగం మీదిది, చీటీలు ఇంటికే వస్తాయి. వాటిలో ఏం రాశారో ముందు నువ్వే చదువు. లైన్‌లో కాలనీ ఆంటీలు ఎవరో ఒకరు కనపడతారు, ఏమైందని అడుగుతారు. కడుపునొప్పి అంటే చాలు. అంతకు మించి ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు.

అమ్మంటే కోపం పెట్టుకోకు. ఒంటరిగా మాట్లాడటం అంటే అమ్మను మోసం చెయ్యడం కాదు. నీ ఒంటి సంగతి నీ నోటితో చెప్పుకోవడం, అంతే. నిన్న మీ అమ్మతో ఈ మాటే అన్నాను. చాలాసేపు ఊరుకుంది. తనకూ అమ్మమ్మే జవాబులు చెప్పేదట, అది గుర్తొచ్చింది కాబోలు.

సోమవారం ఐదు నిమిషాలు తలుపు బయట కూర్చుంటానని నాకు మాటిచ్చింది.

నీ
పిన్ని